ఊట దగ్గర కూర్చున్న కమిటీ: ఒక కొండ పంచాయతీ కేస్ స్టడీ

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీల పని నేను నేర్చుకున్నది కోనసీమలో. అక్కడ ఐదేళ్ళు చేశాక 2017లో అప్పటి విశాఖ ఏజెన్సీకి, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లోకి వచ్చాను. ఇది అక్కడి ఒక పంచాయతీలో 2017 నుంచి 2021 దాకా జరిగిన సంగతి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కావాలనే వదిలేశాను.

కోనసీమలో చేయి తిరిగిన పద్ధతినే కొండ ఎక్కించి, అది పారడం లేదని ఒప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, అది ఎక్కడ తప్పిందో దాచకుండా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నాకు పట్టినంత కాలం పట్టకూడదు.

నేపథ్యం

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక ఆరోగ్య కమిటీ ఉండాలన్నారు. దాని ఖాతాలో ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ నిధి వేస్తారు. ఫలానా దానికే పెట్టాలని పైనుంచి చెప్పరు, ఊరికి ఏది అవసరమో ఊరే తేల్చుకోవాలి. 2011లో పోషకాహారం కూడా దీని పరిధిలో చేరింది. 2013 నాటి మార్గదర్శకాల ప్రకారం కనీసం పదిహేను మంది సభ్యులు ఉండాలి, వాళ్ళలో కనీసం సగం మంది ఆడవాళ్ళు కావాలి, నెలకోసారి కూర్చోవాలి.

కోనసీమ ఊళ్ళలో ఇలాంటి కమిటీని లేపడం కష్టమే గానీ, దారి తెలిసిన కష్టం. ఊరంతా ఒక్కచోటే ఉంటుంది. మురుగు కాలువ పూడిపోతే సర్పంచ్ ఇంటి ముందూ అదే కంపు. డ్వాక్రా సంఘాల్లో ఏళ్ళ తరబడి పొదుపు చేసిన ఆడవాళ్ళకు పాస్‌బుక్కూ కొత్త కాదు, తీర్మానం రాయడమూ కొత్త కాదు. జమాఖర్చులు గోడ మీద రాయిస్తే మర్నాడు టీకొట్టు దగ్గర దాని మీదే మాట. నేను చేసిందల్లా నెలకో తేదీ ఖాయం చేయడం, సభ్యులకు వాళ్ళ అధికారాలు చెప్పడం, లెక్క గోడకెక్కించడం. ఈ మూడింటితోనే చాలా కమిటీలు నిలబడ్డాయి. దాంతో ఈ మూడే కమిటీకి ప్రాణం అనుకున్నాను. ఒకచోట ఉండే ఊరు, ఒకటే భాష, ముప్పై గజాల్లో సర్పంచ్ ఇల్లు, ఇవన్నీ అడక్కుండానే నాకు సాయం చేస్తున్నాయన్న సంగతి అప్పుడు తట్టలేదు.

కొండ పంచాయతీలో తొమ్మిది ఆవాసాలు. రోడ్డు ఉన్నది ఒక్క ఊరికే. పంచాయతీ ఆఫీసు, బడి, ఆరోగ్య సబ్‌సెంటర్ మూడూ అక్కడే. మిగతా ఎనిమిదింటిలో దగ్గరిది అరగంట నడక, దూరంది రెండున్నర గంటల ఎక్కుడు. రోడ్డు ఊళ్ళో తెలుగు, ఆదివాసీ ఒరియా నడుస్తాయి. పై గూడేల్లో ఉండేది కోందు ఆదివాసీలు, ఇంట్లో మాట్లాడేది కువి. మగవాళ్ళకు సంతలో బేరం ఆడేంత తెలుగు వచ్చు, ఆడవాళ్ళలో చాలామందికి అదీ రాదు. ఈ తొమ్మిదింటికీ కలిపి ఒక్క కమిటీ, ఒక్క ఖాతా. ఖాతా సర్పంచ్, ఏఎన్ఎం (ఊళ్ళు తిరిగే ఆరోగ్య కార్యకర్త) ఇద్దరి పేరున ఉంది. బ్యాంకు మండల కేంద్రంలో ఉంది.

సమస్య

2017 వానల్లో పై గూడెం ఒకదాని నుంచి వాంతులు, విరేచనాలతో వరసగా మనుషుల్ని డోలీ కట్టి దించారు. ఒక పసిపిల్ల దారిలోనే పోయింది. ఆ తర్వాతే మా సంస్థను రమ్మన్నారు. కమిటీ ఉంది, డబ్బు వస్తోంది, ఖర్చూ అవుతోంది, మరి ప్రతి వానాకాలం ఇదేమిటని వైద్యాధికారి అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే నా పని అయింది.

ముందు రిజిస్టరు తెరిచాను. నెలనెలా సమావేశం, పదిహేను సంతకాలు, వేలిముద్రలు, అంతా ఒకే చేతిరాత. తీర్మానం కూడా ఒకటే: బ్లీచింగ్ పౌడరు, సున్నం కొనుగోలు. కొన్న బస్తాలు పంచాయతీ ఆఫీసు మూలన గడ్డ కట్టి ఉన్నాయి. బడి వరండా స్తంభం మీద నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా నీలి మరకలు, ఒకదాని మీద ఒకటి. వేలిముద్ర వేశాక బొటనవేలు తుడుచుకున్న గుర్తులవి. పై గూడెం నుంచి సభ్యురాలిగా పేరున్న ఒకామెను వెతుక్కుంటూ వెళ్ళి అడిగాను. ఆ వేలిముద్ర ఉపాధి హామీ మస్టరుకని అనుకుందట. తానొక కమిటీలో ఉన్నానని ఆమెకు నేను చెప్పేదాకా తెలియదు.

దీన్ని చూసి ఏఎన్ఎం దొంగ లెక్కలు రాసిందని అనేయడం తేలిక. నేను అలా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. తొమ్మిది ఊళ్ళ టీకాలు, గర్భిణుల పరీక్షలు, జ్వరాల సీజన్‌లో మలేరియా పరీక్షకు రక్తపూతలు, రాత్రి కూర్చుని ఎంట్రీలు, అన్నీ ఆమెవే. మార్చి వస్తోందంటే నిధి ఖర్చయిందని చూపే వినియోగ పత్రం టెన్షన్. నిధి మిగిలితే ఎందుకు మిగిలిందని అడుగుతారు, బ్లీచింగ్ కొంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ పరిస్థితిలో నేనున్నా బ్లీచింగే కొనేదాన్నేమో.

మొదటి ప్రయత్నం: సంత రోజు సమావేశం

ఎనిమిది ఊళ్ళ జనాన్ని పనిగట్టుకుని కిందికి రమ్మనడం అన్యాయం. వారానికోసారి సంతకు ఎలాగూ దిగుతారు కదా, ఆ రోజే పంచాయతీ ఆఫీసులో కూర్చుంటే సరి అనుకున్నాను. సర్పంచ్‌కి నచ్చింది, ఏఎన్ఎంకి నచ్చింది, మా ఆఫీసులోనూ మెచ్చుకున్నారు. నాకు తట్టిన వాటిలో అన్నిటికంటే తెలివైన ఆలోచన అదేననిపించింది.

నాలుగు నెలలు చూశాను. పై గూడేల ఆడవాళ్ళు ఒక్క సమావేశంలోనూ పది నిమిషాలకు మించి కూర్చోలేదు. కారణం సంతలో వాళ్ళ వెనకే ఒక రోజంతా తిరిగితే గానీ తెలియలేదు. తెల్లవారకముందే చింతపండు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని దిగుతారు. షావుకారి తూకం దగ్గర ఎంతసేపు నిలబడితే అంత నష్టం తగ్గుతుంది. ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనుక్కుని పొద్దు వాలేలోపు ఎక్కాలి. ఇంటి దగ్గర చంటిబిడ్డ పాలకు ఏడుస్తుంటుంది. ఇంటికి నాలుగు రూకలు వచ్చేది ఆ ఒక్క రోజే. ఆ రోజులోంచి గంట అడగడమంటే కూలి కోయడమే. జనం ఒకచోట చేరారంటే తీరిగ్గా ఉన్నారని నేను లెక్కేసుకున్నాను. ఆ లెక్క తప్పింది.

రెండో ప్రయత్నం: శిక్షణ

హాజరు కుదరకపోతే అవగాహన పెంచుదాం అనుకున్నాను. 2018 ఫిబ్రవరి, మార్చి నెలల్లో గూడేలకే వెళ్ళి, ఫ్లిప్‌చార్టు పట్టుకుని, కమిటీ అంటే ఏమిటి, సభ్యుల బాధ్యతలేమిటి అని చెప్పాను. ఆశ్రమ పాఠశాలలో చదివి ఇంటర్ మధ్యలో ఆపేసిన ఒక కోందు అమ్మాయి కువిలోకి మార్చి చెప్పేది. అందరూ తలూపేవారు. సభ్యులుగా ఎవరుంటారు, పేర్లు చెప్పండి అనేసరికి మాత్రం ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. మూడు గూడేల్లో అచ్చంగా ఇదే జరిగింది.

నాలుగో గూడెంలో ఆ రాత్రి అక్కడే పడుకోవాల్సి వచ్చింది. అందరూ వెళ్ళాక గూడెం పెద్ద నిప్పు దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాడు: "మేడమ్మా, కమిటీ అంటే ఇటోళ్ళూ అడుగుతారు, అటోళ్ళూ అడుగుతారు. కాయితం మీద పేర్లు రాయకు." ఆ కొండల్లో కమిటీ అన్న మాటకు నా ఫ్లిప్‌చార్టులో లేని అర్థం ఒకటి ఎప్పటినుంచో ఉంది. అడవిలో మావోయిస్టులకు కమిటీలుండేవి, పోలీసుల దగ్గర ఆ కమిటీల జాబితాలుండేవి. బయటి మనిషి వచ్చి కమిటీ అంటూ పేర్లు రాసుకుంటుంటే ఎవరికైనా గుండె గుబేలుమంటుంది. నేను అడిగినప్పుడల్లా నోరు విప్పకపోవడాన్ని తెలివితక్కువతనమనో, ఆసక్తి లేకపోవడమనో నా నోట్సులో రాసుకున్నాను. వాళ్ళు చేసింది ప్రాణం కాపాడుకునే పని. ఆ పేజీ చింపేయకుండా ఉంచుకున్నాను.

మర్నాటి నుంచి ఆ మాట వాడటం మానేశాను. రికార్డులో పేరు మారదు, అది ప్రభుత్వం పెట్టిన పేరు. ఊళ్ళో మాత్రం "ఊట మాట" అన్నాం. ఆ పేరు పెట్టింది కూడా నేను కాదు.

మలుపు

ఆ తెల్లవారే నీళ్ళకు, కువిలోకి మార్చి చెప్పే ఆ అమ్మాయితో కలిసి ఊటకు వెళ్ళాను. అప్పటిదాకా మూడు గూడేల్లో నేను కూర్చున్నది ఊరి నడుమ రాళ్ళు పరిచిన చోట, అంటే మగవాళ్ళు తగువులు తీర్చే చోట. ఆడవాళ్ళు అక్కడికి వచ్చినా వెనక నిలబడతారు. ఊట దగ్గర మాత్రం గలగలా మాట్లాడుకుంటున్నారు. ఎవరి బిడ్డకు ఎన్నిసార్లయింది, ఎవరు నెల తప్పారు, ఎవరింట్లో చోడి (రాగి) అయిపోయింది, అన్నీ అక్కడే. బిందె నిండటానికి చాలాసేపు పడుతుంది కాబట్టి వరసలో ఉన్నవాళ్ళకు తీరిక కూడా ఉంది. నేను ఎనిమిది నెలలుగా ఏర్పాటు చేయాలని చూస్తున్న సమావేశం రోజుకు రెండు పూటలా దానంతటదే జరుగుతోంది.

ఊటను చూస్తే ఇంకొకటి అర్థమైంది. మోకాలి లోతు గుంట, అడుగు నుంచి నీరు ఊరుతూ ఒక పక్కనుంచి గెడ్డలోకి, అంటే కొండ వాగులోకి, పారిపోతోంది. పై గట్టున పశువుల గిట్టల గుర్తులు. వాన పడితే గట్టు మీది పేడ, మురికి అంతా ఈ గుంటలోకే. ఇలాంటి చోట బ్లీచింగ్ వేస్తే ఏమవుతుంది? నిలిచి ఉండే బావి నీళ్ళలో క్లోరిన్ కాసేపు ఆగి పనిచేస్తుంది. పారే ఊటలో వేసింది వేసినట్టే కొట్టుకుపోతుంది. ఏళ్ళ తరబడి కొన్న బ్లీచింగ్ మొత్తం కొండెక్కించి వేసినా పెద్దగా ఒరిగేది లేదు. బావులూ చెరువులూ ఉన్న మైదానానికి సరిపోయే మందును ఊటల ఊళ్ళకు కొంటున్నాం. పైగా ఈ తొమ్మిది ఊళ్ళలో బావి ఉన్నది రోడ్డు ఊళ్ళో మాత్రమే.

తర్వాతి వారం హెచ్‌టూఎస్ సీసాలు తీసుకెళ్ళాను. చిన్న సీసా, లోపల మందు ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి. మలం కలిసిన నీళ్ళైతే నల్లబడతాయి. ఊట నీళ్ళు పోసిన సీసాను గూడెం పెద్ద ఇంటి చూరుకు కట్టాం. మర్నాటికి సిరాలా నల్లగా అయింది. నేను సంబరపడ్డాను, వాళ్ళు మాత్రం సీసాలో మీరు పెట్టిన మందే నల్లబడింది అన్నారు. ఒక ముసలామె సీసాకు గాలి సోకిందంది. ఆలోచిస్తే వాళ్ళ అనుమానం న్యాయమైనదే, పోల్చి చూడటానికి నేనేమీ ఇవ్వలేదు. ఈసారి రెండు సీసాలు. ఒకదాంట్లో ఊట నీళ్ళు, ఇంకోదాంట్లో అదే ఊట నీళ్ళను వాళ్ళ పొయ్యి మీదే తెర్లించి చల్లార్చినవి. పోసింది కూడా వాళ్ళే. రెండో రోజుకు ఒకటి నల్లగా, ఒకటి తేటగా. ఆ ముసలామె రెండు సీసాలనూ వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. కువిలో ఏదో అని, తేటగా ఉన్న సీసాను మనవరాలి చేతిలో పెట్టింది. ఏమందని అడిగితే అమ్మాయి చెప్పింది: "ఊటకు కట్టు కట్టాలంటోంది."

అన్ని గూడేలా, ఒక్కటా

ఇక్కడ మా సంస్థలో గట్టి చర్చ జరిగింది. ఒక్క గూడెంలో బాగా చేసి చూపించి మిగతావాళ్ళకు నమూనా చేద్దామని ఒక వాదన. తొమ్మిదింటిలోనూ మొదలుపెట్టాలని నా వాదన. నాకు బలమిచ్చింది ఆడవాళ్ళ సంఘాల మీద జరిగిన పరిశోధనలు. నేపాల్ మక్వాన్‌పూర్‌లో, మన జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ జిల్లాల్లో ఆడవాళ్ళు నెలనెలా కూర్చుని తమ సమస్యలు తామే తేల్చుకున్న చోట నవజాత శిశు మరణాలు మూడోవంతు దాకా తగ్గాయి. నేపాల్ ఫలితాలు 2004లో, జార్ఖండ్, ఒడిశా ఫలితాలు 2010లో వచ్చాయి. అదే 2010లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఫలితంలో తేడా కనబడలేదు. పద్ధతి దాదాపు అదే, కానీ జనాభాకు సరిపడా సంఘాలు లేవు. తర్వాత సంఘాల సంఖ్య పెంచి చేసినప్పుడు అక్కడా మరణాలు తగ్గాయి. పంచాయతీకి ఒక్క కమిటీ అన్న మన పద్ధతి ఈ కొండల్లో ఆ మొదటి బంగ్లాదేశ్ ప్రయత్నం లాంటిదేనని నాకు తోచింది.

చట్టం కూడా అడ్డు రాలేదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో ఊరంటే తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు నడుపుకునే ఆవాసం, లేదా ఆవాసాల సమూహం అంటుంది. గూడెం ఒక ఊరే. ఆ మాటను ఆధారం చేసుకుని ప్రతి గూడేన్నీ కమిటీ శాఖగా రాసుకునేలా ఏఎన్ఎం, సర్పంచ్ ఒప్పుకున్నారు. చివరికి మధ్యేమార్గంగా నాలుగు గూడేల్లో మొదలైంది. మిగతా నాలుగింటికి వెళ్ళే మనుషులు మా దగ్గర లేరు, అది నిజం.

10,000 రూపాయలు ఎవరికి

తొమ్మిది ఊళ్ళకు సమానంగా పంచితే ఒక్కోదానికి 1,100 చిల్లర. ఏడాదికో ఊరని వంతులేస్తే చివరి ఊరికి తొమ్మిదేళ్ళు. ఈ చిక్కు తెంపింది పై గూడెం ఆడవాళ్ళే. రాయి మాదే, ఇసక గెడ్డలో ఉంది, చేతులు మావే, సంతలో కొనాల్సినదొక్కటే డబ్బుతో కొనండి అన్నారు. ఒకరి చేలో ఒకరు సాయం పట్టే అలవాటు వాళ్ళకు ఉన్నదే. సిమెంటు, పైపు మాత్రమే కొంటే ఆ నిధిలో రెండు ఊటలకు సరిపోతుందని లెక్క తేలింది. ఆదివాసీల ఇటుకల పండగ అయ్యాక, పోడు దుక్కులు మొదలయ్యేలోపు చేతులు ఖాళీగా ఉండే రోజులు చూసి పెట్టుకున్నాం. ఈ క్యాలెండరు ఏ మార్గదర్శకంలోనూ ఉండదు, ఊరిని అడగాలి.

సిమెంటు బస్తాలు సగం సగం చేసి కావిళ్ళలో ఎక్కించారు. ఊట కన్ను దాకా తవ్వి, గులకరాళ్ళు పేర్చి, ముందు గోడ కట్టి, పైన మూసి, గోడలోంచి పైపు పెట్టారు. పై గట్టున వాన నీరు పక్కకు మళ్ళే కాలువ, చుట్టూ ముళ్ళకంచె. 2018 జూన్‌లో మొదటి వానకు ముందే అయిపోయింది.

గురువు

ఊట కన్ను తాకాలంటే పూజ కావాలి, పూజకు మంత్రం వేసే ఊరి గురువు రావాలి. అప్పటిదాకా నేను ఆయన్ను దూరంగా పెట్టాను. విరేచనాలతో ఉన్న బిడ్డను ముందు ఆయన దగ్గరికే తీసుకెళ్తారనీ, అందుకే ఆలస్యమవుతోందనీ నాకు కోపం. ఇప్పుడు ఆయన్ను పిలవక తప్పలేదు, పిలిచాక కలుపుకోవాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది.

ఏఎన్ఎం గట్టిగా వద్దంది. "రేపు ఆయన దగ్గరే ఆగిపోయి బిడ్డకేదైనా అయితే నా మీదికొస్తుంది మేడం" అంది. ఆ భయంలో న్యాయముంది. ఆయనకు మన పేరు తోడైతే ఆలస్యం ఇంకా పెరగొచ్చు. కానీ మనం వద్దన్నా బిడ్డ వెళ్ళేది ఆయన దగ్గరికే. అక్కడ ఓఆర్ఎస్ ఉండటం మంచిదా, లేకపోవడం మంచిదా? అలా చూస్తే దారి దొరికింది. మంత్రం మానమని అడగలేదు. మూడు గుర్తులు చెప్పాం: నీళ్ళు పట్టించినా నిలవకపోవడం, కళ్ళు లోపలికి పీక్కుపోవడం, రక్తం పడటం. ఇందులో ఏది కనబడ్డా మంత్రం డోలీ వెనకే నడుస్తూ వేసుకోవాలి. మిగతా బిడ్డలకు మంత్రంతో పాటే ఓఆర్ఎస్. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. తన గడపలో బిడ్డ పోతే పేరు పోయేది తనదే అన్నాడు. ఆ భయం ఆయనకూ ఉంటుందని మేమెవరం అనుకోలేదు. ప్యాకెట్టుకు లీటరు నీళ్ళంటే ఇంట్లో కొలత లేదు. సంతలో దొరికే లీటరు కూల్‌డ్రింకు సీసా ఒకటి కడిగి ఆయన చూరుకు వేలాడదీశాం.

విరేచనాల విషయంలో ఇది పనిచేసింది. జ్వరాల విషయంలో మొదటి ఏడాది పనిచేయలేదు. జ్వరం వచ్చినవాళ్ళను ఆయన రెండు మూడు రోజులు ఉంచుకునేవాడు. అక్కడ మలేరియా ఎంత ప్రమాదమో తెలిసినవాళ్ళకు ఆ రెండు రోజుల విలువ తెలుసు. ఆశా కార్యకర్త రక్తపరీక్ష కిట్‌తో వారానికి రెండుసార్లు ఆయన ఇంటికే వెళ్ళడం మొదలుపెట్టాక కొంత మారింది. కొంతే.

కింది ఐదిళ్ళు

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇది. ఊటకు దిగువన, గూడేనికి కొంచెం ఎడంగా ఐదిళ్ళున్నాయి. ఒడిశా వైపు నుంచి తర్వాత వచ్చి చేరినవాళ్ళు. పైనవాళ్ళు వాడగా మిగిలి పారే నీళ్ళే వాళ్ళకు. కట్టు కట్టే పనికి వాళ్ళను పిలవలేదు. పని అయ్యాక, సాయం పట్టలేదు కాబట్టి పైపు దగ్గర వాళ్ళకు వంతు లేదన్నారు. ఊరు తేల్చుకున్నదే సరైనదని నేను అప్పటికి అందరికీ చెప్తూ తిరుగుతున్నాను. ఊరు తేల్చుకున్నది ఇదీ.

కలుగజేసుకోకపోతే నా మాట నిలుస్తుంది, ఐదిళ్ళ పిల్లలు గెడ్డ నీళ్ళే తాగుతారు. కలుగజేసుకుంటే ఇన్నాళ్ళూ ఊరిదన్న పని నాదవుతుంది. రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి ఏఎన్ఎంనే ముందుకు పంపాను. ఇది సర్కారు డబ్బు, రిజిస్టరులో అందరి ఇళ్ళూ ఉండాలి, లేకపోతే నేను సంతకం పెట్టలేను అని ఆమె చెప్పింది. ఎన్నాళ్ళుగానో ఊరికి భారమైన ఆ రిజిస్టరు, ఆ సంతకం ఆ రోజు ఐదిళ్ళకు అక్కరకొచ్చాయి. మిగిలిన పైపును పొర్లు నీటికి తగిలించి దిగువకు దించారు, అది పాతింది ఆ ఐదిళ్ళవాళ్ళే. నీళ్ళు వస్తున్నాయి. పై పైపు దగ్గర వంతు మాత్రం నేనున్నన్నాళ్ళూ ఇవ్వలేదు.

సర్పంచ్ లేని రెండున్నరేళ్ళు

2018 ఆగస్టుతో పంచాయతీల గడువు ముగిసింది. మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. మా పంచాయతీకి వేసిన అధికారికి ఇంకా కొన్ని పంచాయతీలున్నాయి, ఉండేది మండల కేంద్రంలో. ఖాతాలో సంతకం మార్పించడానికే నెలలు గడిచాయి. రెండో ఊటకని అనుకున్న డబ్బు తీయలేకపోయాం. 2018 సెప్టెంబరులో మావోయిస్టుల చేతిలో అరకు ఎమ్మెల్యే హత్య తర్వాత కొండల్లో పోలీసుల కూంబింగ్ పెరిగింది. పొద్దుగూకాక నలుగురు ఒకచోట కూర్చోవడానికే జంకారు. ఆ రోజుల్లోనూ ఆగనిది ఊట దగ్గరి మాట ఒక్కటే. నీళ్ళకు వెళ్ళిన ఆడవాళ్ళను ఎందుకు చేరారని ఎవరూ అడగలేదు.

2019 వేసవికి రెండో గూడెంవాళ్ళు రాళ్ళు పోగేసుకుని సిద్ధంగా ఉన్నారు. సిమెంటు మా సంస్థ డబ్బుతో కొందామా? వద్దని నా సహోద్యోగి వాదన. మనం కొంటే ఇక ప్రభుత్వ ఖాతా గురించి ఎవరూ అడగరన్నాడు. వానలు నెల రోజుల్లో ఉన్నాయి, కొందామన్నాను. కొన్నాం, కట్టు అయింది. కానీ అతను చెప్పినట్టే జరిగింది. మూడో గూడెంవాళ్ళు రాళ్ళు పోగేయకుండా సంస్థ ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టారు. ఆ వానల్లో ఆ మూడో గూడెంలోనే విరేచనాలు వచ్చాయి. అదే పరిస్థితి మళ్ళీ వస్తే మళ్ళీ సిమెంటు కొంటాను. అయితే ఈసారి ప్రత్యేకాధికారి నుంచి అప్పు కింద రాయించుకుని, ఖాతా కదిలాక తిరిగి జమ చేయించుకుంటాను. ఆ కాగితం ఉంటే అది ఊరి డబ్బుగానే మిగిలేది.

ఏం నిలిచింది, ఏం నేర్చుకున్నాను

మొదట కట్టు కట్టిన గూడెం నుంచి 2018లోనూ 2019లోనూ విరేచనాలతో డోలీ దిగలేదు. రెండు వానాకాలాలతో, ఒక్క ఊరితో దేన్నీ రుజువు చేయలేం. నేను రుజువుగా చెప్పడం లేదు. ఆడవాళ్ళు మాత్రం వేసవిలో తామే పైమూత తీసి పూడిక ఎత్తుతున్నారు, కంచె మారుస్తున్నారు. దాని కోసం ఎవరూ సమావేశం పెట్టలేదు.

ఇప్పుడు కొత్త పంచాయతీకి వెళ్తే మొదటి నెల రిజిస్టరు తెరవను. జనం తగువులు ఎక్కడ తీర్చుకుంటారు, ఆడవాళ్ళు ఎక్కడ ఆగి మాట్లాడుకుంటారు, ఏ నెలలో చేతులు ఖాళీ, ఏ మాట పలికితే ముఖాలు మారుతున్నాయి, ఇవే చూస్తాను. తాగే నీళ్ళు ఎలా వస్తున్నాయో కళ్ళతో చూడకుండా మందు కొననివ్వను. ఊరి ఏర్పాటులోకి వెళ్ళే ముందు ఆ ఏర్పాటుకు బయట ఎన్నిళ్ళున్నాయో లెక్కపెడతాను, ఎందుకంటే ఊరు ఎక్కడ కూర్చుంటుందో అక్కడికి వెళ్ళడమంటే ఊరు ఎవరిని కూర్చోనివ్వదో ఆ పద్ధతిలోకీ వెళ్ళడమే. సర్కారు నిబంధన ఆ ఇళ్ళ తరఫున మాట్లాడటానికి పనికొస్తుంది. కోనసీమలో నాకు ఈ అవసరం రాలేదనుకున్నాను. ఆ ఊళ్ళ చివరి పేటల్ని గుర్తు చేసుకుంటే, అక్కడా ఉందనీ, నేను చూడలేదనీ ఇప్పుడు అనిపిస్తోంది.

ఇంకా తేలనివి

2021 ఎన్నికల తర్వాత కొత్త సర్పంచ్ వచ్చారు, ఖాతా కదిలింది. మొదటి తీర్మానం మళ్ళీ బ్లీచింగే రాయబోతే ఏఎన్ఎం ఆపింది. రోడ్డు ఊరి బావికి ఒక బస్తా చాలు, మిగతాది ఊటలకు అని రాయించింది. నేను ఆ ఏడాది చివర అక్కడి నుంచి వచ్చేశాను. మేము ఎప్పుడూ చేరుకోని నాలుగు గూడేల్లో రెండింటికి ఊట కూడా లేదు. వేసవిలో గెడ్డలో చెలమలు తవ్వుకుంటారు. అక్కడ ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలియదు. ఆ కువి అమ్మాయి ఇప్పుడు ఆ గూడేలకు వెళ్తోంది. పోయిన నెల ఫోన్ చేసి రెండు సీసాలు పంపమని అడిగింది.